సున్నం గీకిన బండ

ఇంతవరకు నడిచిన కథలో ఒక చిత్రకారుడు మనుషుల నుంచి మెల్లగా దూరం జరుగుతూ వచ్చాడు. శంషాబాద్‌లో ఏళ్ళ తరబడి రంగులతో బతికిన జగదీశ్, లడఖ్ తూర్పు అంచున చాంగ్‌థాంగ్ పీఠభూమిని చూసి వచ్చాక కుంచె వదిలి కెమెరా పట్టుకున్నాడు. మనిషి జాడ లేని నేలను మాత్రమే తీశాడు. ఆ ఛాయాచిత్రాలకు ‘నిర్జనం’ అని పేరు పెట్టి విమానాశ్రయం దగ్గరి కొత్త హోటల్‌లో ప్రదర్శించాడు. వచ్చినవాళ్ళు ఎక్కువగా మెచ్చుకున్నది లడఖ్‌ను కాదు, అతని సొంత ఊరి గుట్ట మీది ఒక బండను. ప్రారంభం నాడు అక్క సక్కుబాయి, ఆమె కూతురు మంజుల కూడా వచ్చారు. సక్కుబాయి ఆ బండ ఫొటో ముందు చాలాసేపు నిలబడింది. కింద రాసి ఉన్న వాక్యాన్ని కూతురి చేత చదివించుకుంది. తమ్ముడి వైపు చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే జగదీశ్ ఊరికి బయల్దేరాడు.

కొత్తూరు వైపు వెళ్ళే పెద్దరోడ్డు మీద కొంతదూరం పోయి, ఆటో ఎడమకు తిరిగింది. ఇక్కడ ఒకప్పుడు జొన్న చేలు ఉండేవి. ఇప్పుడు తెల్లరంగు వేసిన హద్దురాళ్ళు వరుసగా నిలబడి ఉన్నాయి. వాటి వెనక గుట్ట కనిపించింది. గుట్ట సగమే ఉంది. ఉత్తరం వైపు రాళ్ళను కంకర చేసే క్రషర్ పెట్టారని అతను విన్నాడు. అది గుట్టను తింటూ ఇంత దగ్గరికి వచ్చిందని తెలియదు. బండ ఫొటో తీసిన చలికాలం తర్వాత అతను ఊరికి రాలేదు. అక్కే ఎప్పుడైనా శంషాబాద్ వచ్చి, కూరగాయలు ఇచ్చి, అతని గోడల మీది కొండల ఫొటోలను చూసి వెళ్ళేది. ఊరి గురించి ఆమె చెప్పలేదు. అతను అడగలేదు. అడగకపోవడాన్ని అప్పట్లో ఏకాగ్రత అనుకున్నాడు.

అక్క ఇంటి గడప ముందు మంజుల తల ఆరబెట్టుకుంటోంది. విమానాశ్రయంలో రాత్రి డ్యూటీ చేసి వచ్చినట్లుంది. ఆమె నీలం యూనిఫాం తీగ మీద నీళ్ళు కారుతోంది.

“వచ్చినవా మామా? జర చూసుకుంట రా. గీ ఇంట్ల మనుషులుంటరు. ఫొటోకు పనికిరాం.”

“అక్క ఏదే?”

“లోపలున్నది. నిన్నటి సంది గట్లనే కూసున్నది. నువ్వు రాసిన ముక్క చదివింది నేనే. చదవకపోతే మంచిగుండు.”

“ఏ ముక్క?”

“మనిషి అడుగు పడని చోటు అని రాయలే? మళ్ళొక్కసారి చదవమన్నది. సమజ్ గాలేదేమో అనుకున్న. మొదటిసారికే అయిందట.”

లోపల సక్కుబాయి చాటలో పల్లికాయలు ఒలుస్తోంది. అతన్ని చూసి పీట జరిపింది. “తిన్నవా తమ్మీ?”

“తిన్న. నిన్న చెప్పకుండనే వచ్చేసినవేందక్కా?”

“ఏం చెప్పాలె? ఫొటో మంచిగున్నది. అందరు అన్నరు గద.”

“నీకెట్లున్నది?”

ఆమె నోరు తెరిచింది. అప్పుడే ఇంటి మీదుగా విమానం దిగింది. విమానాశ్రయం తెరిచినప్పటి నుంచి ఈ ఊరికి ఒక అలవాటు వచ్చింది. విమానం దాటేదాకా, మాట్లాడుతున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు. చప్పుడు పోయాక, ఆగిన పదం నుంచే మళ్ళీ మొదలుపెడతారు. తగాదాలైనా అంతే, బేరాలైనా అంతే. సక్కుబాయి నోరు మూసుకుని, చేతిలోని కాయను పగలగొట్టకుండా పట్టుకుని కూర్చుంది. ఆ నిశ్చలమైన ముఖాన్ని అతను చూశాడు. దాన్ని తాను ఒక్కసారైనా ఫొటో తీయలేదని అప్పుడే తట్టింది.

చప్పుడు దూరమైంది.

“మనిషి అడుగు పడలేదా తమ్మీ?” అంది ఆమె. “అమ్మది పాయె, నాది పాయె. నీదన్న పడలేదా గాడ?”

జగదీశ్ ఆమె జరిపిన పీట మీద కూర్చున్నాడు.

ఆ బండను ఊరు మైసమ్మ గుండు అంటుంది. గుడి లేదు, విగ్రహం లేదు. ఏటా ఆషాఢానికి ముందు ఆ బండ మొదలు చుట్టూ నడుమెత్తు సున్నం పట్టె వేసి, దాని మీద పసుపు బొట్లు పెడతారు. అది వీళ్ళ పుట్టింటి పని. అమ్మ చేసేది, అమ్మ పోయాక, అదే ఊళ్ళో మెట్టిన సక్కుబాయి చేసేది. ఆ సున్నం పడ్డాకే ఊళ్ళో ఎవరైనా బోనం ఎత్తుతారు. మొదటి బోనం సక్కుబాయిదే.

చాంగ్‌థాంగ్ నుంచి తిరిగొచ్చిన ఏడు జగదీశ్ ఈ బండను కొత్తగా చూశాడు. లడఖ్‌లో తనను మాటలు లేకుండా చేసినదేదో ఇక్కడా ఉందనిపించింది. నల్లటి రాయి, వాన చారలు, వెనక ఆకాశం. ఒక్క సున్నమే అడ్డం. ఆ తెల్లపట్టె ఉన్నంతసేపు అది ఒక ఊరి బండ. అది లేకపోతే, కాలం మొదలుకాక ముందటి రాయి.

అక్కను అడిగాడు. ఒక్క ఏడు సున్నం వేయకుండా ఉండమన్నాడు. పాత సున్నం తానే గీకుతానన్నాడు. ఆమె కొంతసేపు ఆలోచించి, మైసమ్మకు ఏం చెప్పుకుందో గాని, ఒప్పుకుంది. పొద్దుపొద్దున్నే ఎవరూ గుట్టెక్కక ముందే ఇద్దరూ వెళ్ళేవారు. ఆమె బిందెతో నీళ్ళు పోసేది. అతను ఇనుప బ్రష్షుతో రుద్దేవాడు. సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఒక్కొక్క పెచ్చులో పొరల మీద పొరలు, ఏటికొకటి. పైవి అక్కవి. లోపలివి అమ్మవి. కాన్వాసు మీద పొర ఎలా వేయాలో ఏళ్ళపాటు నేర్చుకున్న చెయ్యి అది. ఎలా తీయాలో ఆ బండ దగ్గర నేర్చుకుంది. వెనకవైపు మరో బండ ఆనుకుని ఏర్పడిన ఇరుకు సందులో, లోపలి మలుపు అవతల కూడా సున్నం ఉంది. దాని జోలికి అతను పోలేదు. అక్కడిది కెమెరాకు కనిపించదు.

వర్షాకాలంలో తీసిన ఫొటో నచ్చలేదు. చలికాలపు వెలుగు కావాలన్నాడు. అప్పటిదాకా బండ అలాగే ఉండనీ అన్నాడు. అక్క అలాగే ఉంచింది.

“గదొక్కటే అడుగుతున్నవా అమ్మా?” గడపలోంచి మంజుల అంది. “మిగిలింది నువ్వు చెప్పవు. నేనే చెప్త.”

“నువ్వు ఊకో.”

“రెండేండ్లు ఊకున్న. మామా, నువ్వు గీకి పెట్టినవ్ గద, ఆ ఏడు తొలి వానల్ల, బోనాలకు ముందే గుట్టను చూడనీకి ఆఫీసర్లు వచ్చిండ్రు. క్రషర్ కోసం. మా మైసమ్మ ఉన్నది, ముట్టొద్దు అన్నరు ఊరోళ్ళు. అందరు పైకి పోయిండ్రు. పోతే ఏమున్నది గాడ? బోడి బండ. దేవత ఉన్నదంటున్నరు, ఆనవాలు ఏదని అడిగిండ్రు వాళ్ళు. మొగులయ్య తాత అమ్మ దిక్కు తిరిగి, సున్నమేమాయె బిడ్డా అన్నడు. అమ్మ ఏమన్నదో తెలుసా?”

“మంజులా.”

“నేనే గీకిన, కొత్తది కొడదామని. మరిచిపోయిన అన్నది. ఇగ ఆ దినం సంది ఊరంత ఒకటే మాట. సక్కుబాయి మరిచిపోవట్టికే గుట్ట పోయిందని. అమ్మను సున్నం ముట్టనిస్తలేరు, బోనం ఎత్తనిస్తలేరు. పోయినేడు సున్నం లేకుంటనే మొదటి బోనం దుర్గవ్వకు ఇచ్చిండ్రు. అమ్మ గీ కిటికీల నుంచి చూసింది.”

జగదీశ్ అక్క వైపు చూశాడు. ఆమె మళ్ళీ పల్లికాయలు ఒలవడం మొదలుపెట్టింది. చాట అంచున పొట్టు ఒక వైపు, గింజలు ఒక వైపు పడుతున్నాయి.

“నాకెందుకు చెప్పలేదక్కా?”

“చెప్తే ఏం చేద్దువు?”

“ఊరికి నిజం చెప్పేటోన్ని.”

“గందుకే చెప్పలే.” ఆమె తల ఎత్తలేదు. “ఆడబిడ్డ మరిచిపోయిందంటే తిడ్తరు. జర దినాలకు వాళ్ళే మరిచిపోతరు. ఇంటి కొడుకే గీకిండంటే అమ్మ పేరు పోతది. అమ్మ చేతి సున్నం అది. నువ్వు గీకుతుంటే నేను నీళ్ళు పోసిన. పాపం ఎవరిదని పంచుకుందాం?”

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే అతనికి కొంత తేలికయ్యేది. నిందించేవాళ్ళ ఎదుట మనిషి తనను తాను సమర్థించుకోగలడు. తన తప్పును మౌనంగా మోసిన మనిషి ఎదుట అతనికి ఏ ఆసరా ఉండదు.

“ఇయ్యాల ఆఫీసర్ మళ్ళొస్తడు,” అంది మంజుల. “క్రషర్ గుండు దాకా వచ్చింది. ఊరోళ్ళు అర్జీ పెట్టిండ్రు. ఇయ్యాల చూసి ఏదో ఒకటి చెప్తడట. నిన్న నేను సున్నం తడుపుదామన్న. అమ్మ వద్దన్నది. ఇప్పుడు కొడితే దొంగ సున్నమంటరట.”

జగదీశ్ లేచాడు. కెమెరా సంచి అలవాటుగా భుజానికి ఎక్కింది.

“నువ్వు రాకు తమ్మీ,” అంది సక్కుబాయి. అప్పటికే అతను గడప దాటాడు.

గుట్ట పైన జనం ముందే చేరారు. బండకు అల్లంత దూరంలో డ్రిల్లింగ్ యంత్రం ఆగి ఉంది. దాని పక్కనుంచి గుట్ట లేదు. తెల్లగా కోసుకుపోయిన లోతు ఉంది. ఊరి పెద్ద మొగులయ్య కర్ర మీద రెండు చేతులూ ఆన్చి నిలబడ్డాడు. ఆయన జగదీశ్‌కు వరసకు పెదబాపు. క్రషర్ తరఫున కొండల్ వచ్చాడు. అతనూ జగదీశూ చిన్నప్పుడు బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

“ఏం జగదీశూ, మస్తు తీసినవ్ పో ఫొటో,” అన్నాడు కొండల్. “మాకు జర పని తప్పించినవ్.”

అతని చేతిలో హోటల్ వాళ్ళు అచ్చువేసి పంచిన కార్డు ఉంది. దాని మీద బండ. బండ కింద జగదీశ్ రాసిన వాక్యం.

రెవెన్యూ అధికారి నెమ్మదైన మనిషి. కోస్తా వైపు మాట. కార్డును చూసి, బండను చూసి, మళ్ళీ కార్డును చూశాడు. “ఇక్కడ ఏటా సున్నం వేసేవాళ్ళమని మీరంటున్నారు. ఈ ఫొటోలో ఆ గుర్తే లేదు. పైగా మనిషి అడుగు పడని చోటని రాసి ఉంది.”

“రాసింది మనోడే సార్. ఊరోడే,” అన్నాడు కొండల్.

“జగదీశ్ గారంటే మీరేనా? ఈ ఫొటో మీరే తీశారా?”

“నేనే తీశానండి.”

“తీసిననాడు బండ ఇలాగే ఉందా?”

విమానం వచ్చింది. అందరూ ఆగిపోయారు. అధికారి ఒక్కడే ఈ అలవాటు తెలియక ఇంకేదో అడిగి, ఎవరూ పలకకపోవడంతో తానూ ఊరుకున్నాడు.

ఆ కాస్త వ్యవధిలో జగదీశ్ ప్రశ్నను లోపలే తిప్పి చూశాడు. తీసిననాడు బండ అలాగే ఉంది. ‘ఉంది’ అంటే అందులో అసత్యమేమీ లేదు. కెమెరా కూడా అబద్ధం చెప్పలేదు. చాంగ్‌థాంగ్‌లోనూ చెప్పలేదు. అక్కడ అతను గాలికి ఎదురుగా నిలబడి ఆ ఖాళీని తీస్తున్నప్పుడు, వీపు వెనక మేకల కాపరుల గుడారం ఉంది. ఒక ముసలామె అతనికి వేడి టీ ఇచ్చింది. అది తాగి, కప్పు కింద పెట్టి, ఇటు తిరిగి, ఎవరూ లేని లోకాన్ని తీశాడు. తన చిత్రాల్లోని శూన్యం ఎక్కడా దానంతట అది దొరికినది కాదు. ప్రతిచోటా ఎవరో ఒకరు పక్కకు తప్పుకుని ఇచ్చింది.

చప్పుడు పోయింది.

“అలాగే ఉంది సార్. కాని అలా చేసింది నేను. ఫొటో కోసం ఆ సున్నం గీకింది నేనే. మా అక్క కాదు.”

మొగులయ్య కర్ర మీది చేతులు తీయకుండానే ముఖం తిప్పాడు. జగదీశ్ వైపు కాదు. అప్పుడే ఆయాసపడుతూ పైకి చేరిన సక్కుబాయి వైపు.

“ఏం బిడ్డా? నిజమేనా?”

సక్కుబాయి తమ్ముణ్ణి చూసింది. “కాదు పెదబాపూ. నన్ను తిడుతున్నరని నా మీదికెల్లి తీసి వాని మీద ఏసుకుంటున్నడు. గీకింది నేనే.”

“అమ్మా,” అంది మంజుల.

“గీకింది నేనే,” అంది సక్కుబాయి మళ్ళీ.

అధికారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “చూడండి. ఆయన ఒకటంటారు, ఆవిడ ఒకటంటారు. ఇద్దరిలో ఎవరు గీకారన్నది నాకు అక్కర్లేదు. గీకడానికి ఇక్కడ అసలు సున్నం ఉండేదా అన్నదే ప్రశ్న. ఇంట్లోవాళ్ళే ఒక మాట మీద లేనప్పుడు నేనేం నమ్మాలి? ఒక్క ఆనవాలు చూపించండి. లేదంటే నేను కొండల్ గారికి అడ్డుచెప్పలేను.”

ఆనవాలు అన్న మాట వినగానే జగదీశ్‌కు బండ వెనక సందు గుర్తొచ్చింది. కెమెరాకు కనిపించదని తాను వదిలేసిన చోటు. అంతకన్నా వెనక్కి మరొకటి గుర్తొచ్చింది. పెద్దవాళ్ళు పట్టని ఆ సందులోకి అమ్మ చిన్న జగదీశ్‌ను సున్నం డబ్బాతో పంపేది. కుంచె తిరగని ఇరుకు కాబట్టి, అరచేయి ముంచి అద్దమనేది. మలుపు దాటి లోపలి గోడ మీద అద్ది, బయటికొచ్చి తెల్లటి చెయ్యి చూపిస్తే అమ్మ కొంగుతో తుడిచేది. అతను జీవితంలో వేసిన మొదటి బొమ్మ అదే కావచ్చు.

జనాన్ని తప్పించుకుని బండ వెనక్కి పోయాడు. సందు ముందు మోకాళ్ళ మీద కూర్చుని తల దూర్చాడు. భుజాలు పట్టలేదు. మలుపు అవతల చీకటి. కెమెరా తీసి, చెయ్యి చాచగలిగినంత చాచి, మలుపు దాటించి నొక్కాడు. లోపల వెలుగు ఒక్కసారి మెరిసి ఆరింది.

బయటికి తీసి తెర చూశాడు. నల్లటి గోడ. దాని మీద, కొంత వంకరగా, ఐదు వేళ్ళతో చిన్న తెల్లటి చెయ్యి.

లేచి వచ్చి కెమెరాను అధికారికి అందించాడు. మొగులయ్య వంగి చూశాడు. సక్కుబాయి చూసింది. ఆమె వేలు తెర దాకా వచ్చి ఆగింది.

“గింత చెయ్యి ఉండే నీది,” అంది మెల్లగా. “అమ్మ లోపలికి పంపేది యాదికున్నది. నువ్వు లోపలేం చేసేటోనివో మాత్రం నేనెన్నడు చూడలే.”

అధికారి కెమెరాను తిరిగి ఇచ్చాడు. ఆయన గొంతులో కాఠిన్యం లేదు.

“జగదీశ్ గారూ, ఉన్నదాన్ని లేనట్టు చూపించింది మీ ఫొటోనే అని ఇప్పుడే మీరు చెప్పారు. లేనిదాన్ని ఉన్నట్టు ఈ ఫొటో చూపించడం లేదని నేనెలా అనుకోను? నన్ను తప్పుపట్టకండి. మీ ఫొటో నాకు చాలదు.”

తప్పుపట్టడానికి ఏమీ లేదు. కెమెరాను సంచిలో పెట్టబోయి, మనసొప్పక, నేల మీద పెట్టాడు.

“పెచ్చు తెస్తే నమ్ముతవా సారూ?” సక్కుబాయి అడిగింది. “సున్నం పెచ్చు. పొరలు పొరలుంటది. నీ చేతుల పెడ్త.”

“అది చూస్తే నమ్ముతానమ్మా.”

ఆమె కొంగును నడుముకు చెక్కుకుంది. రెండేళ్ళలో ఆమె ఎంత చిక్కిపోయిందో జగదీశ్ అప్పుడు చూశాడు. ఆ సందుకు సరిపోయేంత.

“అక్కా, పోకు,” అన్నాడు కొండల్. ఇప్పుడు అతని మాటలో వెటకారం లేదు. “నిన్న అవతల మందు పేల్చినంక గీ బండ జరిగింది. మా పనోళ్ళే దాని కిందికి పోతలేరు. చెప్తున్న, పోకు.”

“మీ పనోళ్ళ మైసమ్మ కాదు గద కొండల్,” అంది ఆమె.

“అక్కా, వద్దు. నేనే ఎట్లనో పోత.” జగదీశ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె విడిపించుకుంది, మృదువుగానే. “నువ్వు పట్టవు తమ్మీ. నువ్వు పెద్దగైనవ్.”

మోకాళ్ళ మీద వంగి తల దూర్చింది. భుజాలు పోయాయి. నడుము పోయింది. పగిలిన మడమలు కొంతసేపు వెలుగులో ఉండి, అవీ మలుపు తిరిగాయి.

“చెయ్యి దొరికింది,” అన్న మాట లోపల్నుంచి వినిపించింది. “గోడకే ఉన్నది తమ్మీ. గీకుతున్న...”

అంతలో విమానం వచ్చింది. అలవాటు ప్రకారం ఊరంతా ఆగిపోయింది. బండ నెత్తిన గులకరాళ్ళు కొన్ని జారుతున్నాయి. వాటి చప్పుడు ఎవరికీ వినిపించలేదు. మంజుల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాళ్ళ కింద ఏదో అదిరింది. అది విమానమో, గుట్టో జగదీశ్‌కు తెలియలేదు.

చప్పుడు దూరమైంది. ఆగిన మాట మళ్ళీ మొదలవుతుందని అందరూ ఎదురుచూశారు.

“అక్కా,” అని జగదీశ్ పిలిచాడు. సందు నోరు ఇందాకటికన్నా ఇరుకుగా కనిపించింది.

సందు నోట్లోంచి తెల్లటి పొడి ఒక్కటే మెల్లగా బయటికి వచ్చింది.